స్కౌట్ దళంతో కృష్ణా ఘాట్‌ను శుభ్రం చేయించే విధానం

కార్తీక మాసంలో విజయవాడ ఘాట్లను శుభ్రం చేయదలచిన స్కౌట్ దళం ముందుగా ఒక్క ఘాట్‌నే ఎంచుకోవాలి. దుర్గా ఘాట్ నుంచి పద్మావతి ఘాట్ వరకూ ఒకే ఉదయం ముగించాలనే ఉత్సాహం ఎండ ఎక్కేసరికి నీరుగారిపోతుంది. నగరపాలక సంస్థ అనుమతి, తల్లిదండ్రుల అంగీకార పత్రాలు వారం ముందే చేతికి రావాలి. ప్రకాశం బ్యారేజీ వద్ద వరద ఉంటే కార్యక్రమాన్ని వాయిదా వేయాలి.

పిల్లలను ఆరు నుంచి ఎనిమిది మంది ఉండే జట్లుగా (స్కౌట్ల మాటలో ‘పెట్రోల్’) విభజించి, ఒక్కొక్క జట్టుకు ఒక పెద్దవారిని తోడుగా ఉంచాలి. నాచు పట్టిన మెట్లు జారుతాయి కనుక పిల్లలెవరినీ నీటి అంచుకు దిగనివ్వకుండా, అక్కడ చిక్కుకున్న అరటి దొప్పలను పొడవాటి కర్రకు కట్టిన వలతో పెద్దలే పైకి లాగాలి. సగం కాలిన వత్తి, నూనె జిడ్డు, బంతిపూలు, వాటికి అతుక్కున్న ప్లాస్టిక్ కవరు అన్నీ ఒకే ముద్దగా వస్తాయి. చేతి తొడుగులతో వాటిని అక్కడికక్కడే విడదీసి, పూలను ఒక గోనె సంచిలోనూ ప్లాస్టిక్‌ను మరొకదానిలోనూ వేయించాలి. ఇంటికి వెళ్లాక వేరుచేద్దామనుకుంటే ఆ పని ఎన్నటికీ జరగదు. గాజు పెంకులు పెద్దలే తీయాలి.

దండల దారాలు తీసేసిన పూలను బడి ఆవరణలోని గుంటలో ఎండుటాకులతో పొరలు పొరలుగా వేసి, తడి ఆరకుండా చూస్తూ వారానికోసారి తిరగేస్తే కొన్ని నెలల్లో ఎరువు తయారవుతుంది. దానిని నీడలో నిల్వ ఉంచి, జూలైలో వేప, కానుగ మొక్కలు నాటేటప్పుడు గుంటల్లో మట్టితో కలిపి వేయాలి. నాటే రోజున ఫొటోలకు అందరూ వస్తారు. కాబట్టి మరుసటి మే నెలలో ఎవరు ఏ రోజు నీళ్లు పోయాలో తెలిపే వంతుల పట్టికను ఆ రోజే రాయించాలి.