జోడీ సాధనలో జీవం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

నెల్లూరులో కరాటే నేర్పుతున్నాను. చిన్నతనంలో కావలి దగ్గర మా ఊళ్లో కర్రసాము నేర్చుకున్నాను. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ముందే కుదుర్చుకున్న వరుసలో ఒకరు కొట్టడం, ఒకరు కాచుకోవడం రెండు విద్యల్లోనూ ఉంది. కరాటేలో దీన్ని యకుసోకు కుమితే అంటారు. యకుసోకు అంటే ఒప్పందం, ఇచ్చిన మాట. "ఏ దెబ్బ ఎక్కడికి వస్తుందో ముందే తెలిసిపోతే ఇక నేర్చుకునేది ఏముంది సార్?" అని తల్లిదండ్రులు తరచూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఏ దెబ్బ వస్తుందోనన్న బెంగ లేనప్పుడే దూరం మీద, సమయం మీద, గురి మీద మనసు నిలుస్తుంది. స్వేచ్ఛగా తలపడేటప్పుడు కొత్తవాడికి ఆ తీరిక ఉండదు. అయితే ఒక షరతు ఉంది. వరుస ముందే తెలిసినదైనా, వచ్చే దెబ్బ నిజమైనదై ఉండాలి. జోడీ సాధన చప్పగా సాగితే అందరూ కాచుకునేవాణ్ణే సరిదిద్దుతారు. నేను ముందుగా కొట్టేవాణ్ణి చూస్తాను.

సమస్య: చూడటానికి బాగుంది, కానీ దెబ్బ తగిలేది కాదు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. గొహోన్ కుమితేలో కొట్టేవాడు ముఖానికి గురిపెట్టి అయిదు అడుగులు ముందుకు వేస్తూ అయిదు గుద్దులు గుద్దుతాడు. ఎదుటివాడు అయిదు అడుగులు వెనక్కి వేస్తూ ఆగె ఉకెతో చేతిని పైకెత్తి కాచుకుని, చివర్లో గ్యాకు జుకితో ఎదురు గుద్దు గుద్దుతాడు. దూరం నుంచి చూస్తే ముచ్చటగా ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూడండి. మూడో అడుగు నుంచి పిడికిలి ముఖానికి జానెడు దూరంలోనే ఆగిపోతూ ఉంటుంది.

పరీక్ష తేలిక. కాచుకునేవాడి చెవిలో "మూడో గుద్దుకు చెయ్యెత్తకు, అడుగు తీయకు, అలాగే నిలబడు" అని చెప్పండి. ముఖానికి బదులు పొట్ట మీదికి, మెల్లగా చేయించండి. పిడికిలి బట్టకు తగిలితే దూరం సరిగా ఉన్నట్టు. గాలిలో ఆగిపోతే ఇన్నాళ్లూ ఆ పిల్లవాడు రాని దెబ్బకు చెయ్యెత్తుతున్నాడని అర్థం.

కారణాలు రెండు. మొదటిది మంచితనం: స్నేహితుడికి తగులుతుందేమోనన్న భయంతో చేతిని వెనక్కి లాక్కుంటారు. రెండోది అలసట: అడుగు కురచబడుతుంది, చెయ్యి మాత్రం సాగుతుంది. ఏది అసలు కారణమో నాకు మైపాడు ఇసుక చెబుతుంది. నెలకోసారి తెల్లవారకముందే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి, అల వెనక్కి తీసుకున్న తడి ఇసుక మీద ఈ వరుస చేయిస్తాను. అయిపోయాక అందరం వంగి అడుగుల ముద్రలు చూస్తాం. ఒకసారి పన్నెండేళ్ల పాప తన ముద్రల మధ్య ఎడాన్ని కర్రముక్కతో కొలుచుకుంటూ వెళ్లింది. మొదటి రెండు అడుగులు కర్రకు సరిగ్గా సరిపోయాయి. మూడోది నాలుగు వేళ్లు తగ్గింది, అయిదోది దాదాపు సగానికి వచ్చింది. "నేను బాగానే వేశాననుకున్నాను సార్" అంది. ఆ తరువాత నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

సరిచేయడం ఇలా. వేగం తగ్గించండి, దూరాన్ని మాత్రం తగ్గించవద్దు. కాచుకునేవాడు కదలకపోతే బట్టకు తగిలేంత దూరం నుంచే ప్రతి గుద్దూ మొదలవ్వాలి. పది రోజులు నిదానంగా చేశాక కొంచెం కొంచెంగా వేగం పెంచండి. భయపడే పిల్లవాడికి "గట్టిగా కొట్టు" అని చెబితే పని జరగదు. "నీ గుద్దు సరిగా రాకపోతే నీ స్నేహితుడికి కాచుకోవడం ఎప్పటికీ రాదు" అని చెప్పండి, ముఖమే మారిపోతుంది.

ఈ విషయాన్ని జపాన్ పాత విద్యలు చాలా లోతుగా అర్థం చేసుకున్నాయి. 1912లో ఖరారైన నిహోన్ కెండో కతాలో, అంటే అక్కడి కత్తిసాము జోడీ సాధనలో, పది వరుసలున్నాయి. ఏడింటిలో ఇద్దరివీ పొడవు కత్తులు, మిగతా మూడింటిలో ఒకరిది పొట్టి కత్తి. ముందుగా దాడికి వచ్చేవాడు ఉచిదాచి, చివరికి గెలిచేవాడు షిదాచి. ఉచిదాచి స్థానం గురువుది. అంటే ప్రతి వరుసలోనూ ఓడిపోయేది గురువే. నిజమైన దెబ్బ ఇవ్వడం కష్టమైన పని కాబట్టి దాన్ని పెద్దవాడి మీద పెట్టారని నేను అర్థం చేసుకున్నాను. మన తరగతుల్లో దీనికి తలకిందులుగా, కొత్తగా చేరినవాణ్ణి కొట్టడానికి నిలబెట్టి సీనియరు కాచుకుంటూ మెరిసిపోతాడు. ఈ ఒక్క పద్ధతి మార్చి చూడండి, సగం జబ్బు నయమవుతుంది.

జూడోలోనూ ఇంతే. నాగె నో కతాలో మూడేసి చొప్పున అయిదు వర్గాలుగా పదిహేను విసుర్లు ఉన్నాయి. రెండోదైన సెయోయ్ నాగెలో ఉకె, అంటే విసిరించుకునేవాడు, ఎదుటివాడి నడినెత్తి మీదికి పిడికిలి దించుతూ వస్తాడు. ఆ బరువు నిజంగా ముందుకు రాకపోతే అతణ్ణి విసరడం కుదరదు, మూటలా వీపున మోయాల్సి వస్తుంది.

సమస్య: దెబ్బ బయలుదేరకముందే కాచుకునేవాడు కదిలిపోతున్నాడు

కారణం శిక్షకుడి గొంతే. "ఇచి, ని, సన్" అని మనం లెక్క పెడుతుంటే పిల్లలు ఎదుటివాడి భుజాన్ని చూడటం మానేసి మన లెక్కకు కదులుతారు. లెక్క ఆపండి. గుద్దు ఎప్పుడు వేయాలో కొట్టేవాడికే వదిలేయండి. ఒకసారి వెంటనే, ఒకసారి మూడు ఊపిర్లు ఆగి. తొందరపడి ముందే వెనక్కి జరిగితే కొట్టేవాడు గుద్దకుండా అలాగే నిలబడాలి. ఖాళీ గాలికి చెయ్యెత్తి నిలబడ్డవాడికి తన తప్పు తనకే తెలుస్తుంది. అది కుదిరాక ముఖానికో పొట్టకో చెప్పకుండా, రెండింటిలో ఒకటి వేయమనండి. వరుస అదే, కానీ ఇప్పుడు చూడక తప్పదు.

సమస్య: కర్రల చప్పుడు ఎక్కువ, పని తక్కువ

ఇది కర్రసాము నేర్పేవారికి. పీర్ల పండుగకు, వినాయకుడి ఊరేగింపుకు మన ఊళ్లలో కుర్రాళ్లు జోడీగా కర్ర తిప్పుతుంటే టకటకమని మోత మోగుతుంది, జనం ఈలలు వేస్తారు. ఆ మోతే అసలు రోగ లక్షణం. కర్ర కర్రను వెతుక్కుంటూ వెళుతోంది, మనిషిని వెతకడం లేదు. నాకు నేర్పిన పెద్దాయన ఒక పని చేసేవారు. నేను తల మీదికి వేటు వేసే సమయానికి తన కర్రను అడ్డం పెట్టకుండా పక్కకు ఒక్క అడుగు తీసేవారు. నా కర్ర ఆయన నిలబడిన చోటికి కాకుండా, కర్ర ఉండాల్సిన చోటికి వెళ్లి ఆగేది. "తలను కొట్టమంటే కర్రను కొడతావేమిరా అబ్బాయ్?" అనేవారు.

మీరూ అదే చేయండి. కర్ర కొసకు పాత గుడ్డ చుట్టి, తలపాగా కట్టించి, నిదానంగా, నడినెత్తికి జానెడు పైన ఆగేలా వేయించండి. పక్కకు తప్పుకోవడం శిక్షకుడే చేయాలి, పిల్లల మధ్య ఈ పరీక్ష వద్దు. పగుళ్లు తీసిన వెదురు కర్రను ఆ రోజే పక్కన పడేయండి, దాని పేడు కంట్లో పడితే విద్య అంతా వృథా.

సమస్య: జోడీలో బంగారం, పోటీలో మట్టి

"ఏడాదిగా చేస్తున్నాడు, పోటీలో ఒక్కటీ గుర్తు రాలేదు" అనే మాట ఒంగోలులోనూ విన్నాను, కందుకూరులోనూ విన్నాను. వరుస మొత్తం పోటీలో ఉన్నదున్నట్టు బయటికి రావాలని ఆశించడం పొరపాటు. అక్కడ పనికొచ్చేది దూరం తెలిసిన కన్ను, అదరని కాలు. ఇవి కూడా రాలేదంటే మధ్యలో మెట్లు దాటేశారన్నమాట. అయిదు అడుగుల గొహోన్ నుంచి మూడు అడుగుల సన్బోన్, అక్కడి నుంచి ఒక్క అడుగు కిహోన్ ఇప్పోన్, తరువాత జియు ఇప్పోన్. ఈ చివరి మెట్టులో ఏ దెబ్బ వేస్తాడో ముందే చెబుతాడు, కానీ ఇద్దరూ స్వేచ్ఛగా కదులుతారు, సమయం కొట్టేవాడి ఇష్టం. చాలా తరగతులు పరీక్షకు నాలుగు రోజుల ముందు దీన్ని ముట్టుకుని వదిలేస్తాయి. వారంలో రెండు రోజులు దీనికే కేటాయించండి. మోసపు కదలికలు, వరుస దెబ్బలు, అలిసిపోయాక తెచ్చుకోవాల్సిన గుండె నిబ్బరం మాత్రం జోడీ వరుస ఇవ్వదు. వాటికి స్వేచ్ఛగా తలపడాల్సిందే.

చిన్న సమస్యలు

ముంజేతుల మీద కమిలిన మచ్చలు: బలాల్లో తేడా ఉన్న జోడీ, లేదా దెబ్బను పక్కకు మళ్లించకుండా ఢీకొట్టి ఆపడం. ముందు జోడీ మార్చండి, తరువాత చేతి కోణం చూడండి.

ఒకే స్నేహితుడితో మాత్రమే బాగా చేయడం: ఇద్దరూ ఒకరి అలవాట్లు ఒకరు కంఠస్థం చేశారు. వారానికోసారి పొడుగువాడితో, పొట్టివాడితో, ఎడమచేతి వాటం ఉన్నవాడితో నిలబెట్టండి.

చివరి దెబ్బ కాగానే ఇద్దరూ నవ్వుకుంటూ తలలు తిప్పేసుకోవడం: జపాన్‌వారు జన్షిన్ అనే ఆ మెలకువను మన శిక్షకులమే చులకన చేస్తున్నాం. ఎదురు గుద్దు పడ్డాక కూడా కళ్లు ఎదుటివాడి మీదే ఉంచి, ఒక్కో అడుగే వెనక్కి వేసి, దూరం చాలినంత వచ్చాకే చేతులు దించమనండి. నేను ఆ సమయంలో వెనక నుంచి వాళ్ల పేరు పెట్టి పిలుస్తాను. తల తిప్పినవాళ్లు వరుస మళ్లీ మొదటి నుంచి చేస్తారు.