ముడుచుకుపోయిన కార్నేషన్ కోరల్‌ను తేర్చిన తీరు

బరంపురంలో మా బాబాయి తన ఉప్పునీటి అక్వేరియం ట్యాంకులోంచి ఇచ్చిన కార్నేషన్ కోరల్ (మెత్తటి పగడపు జీవి) ముక్క మా ఇంటికొచ్చాక ముడుచుకుపోయింది. లైటు పెంచమని అందరూ ఒకటే సలహా! కానీ ఈ రకం ఒంట్లో వెలుగుతో తిండి వండిపెట్టే నాచే ఉండదు. నీళ్లలో కొట్టుకొచ్చేదే దానికి కూడు, ముఖ్యంగా కంటికానని ఫైటోప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచు.

మందుల షాపులో సెలైన్ సెట్టు కొని, ఫైటోప్లాంక్టన్ సీసాకి తగిలించి, వేవ్‌మేకర్ (ట్యాంకులో నీటిని కదిలించే పంపు) ముందు చుక్కచుక్కగా పడేలా పెట్టాను. ఒక్కసారే గుమ్మరిస్తే సగం స్కిమ్మర్ (నీళ్లలోని మలినాన్ని నురగగా లాగేసే పరికరం) పాలే. ముక్కని రాతి చూరు కింద తలకిందులుగా, ప్రవాహం గట్టిగా తగిలేచోట కట్టాను. మురికి దాని మీద నిలవదు. కరెంటు పోయినా ఆగకుండా వేవ్‌మేకర్‌ని ఇన్వర్టర్‌కి కలిపాను. ఇంత తిండి పడితే నీళ్లలో నైట్రేట్ అనే వ్యర్థం పెరుగుతుంది, నీళ్లు తరచూ మార్చాల్సిందే. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే ఉన్నా వానాకాలంలో నదుల నీరు కలిసి ఉప్పదనం తగ్గుతుంది, అందుకే అక్వేరియం కోసం అమ్మే ప్యాకెట్ సముద్రపు ఉప్పుతో నీటి సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.025 దగ్గర ఉంచుతున్నాను.

కొమ్మలు మెల్లగా ఉబ్బాయి. కింద రాలిన తునకలు రాళ్లకి అతుక్కుంటున్నాయి. అడిగినవాళ్లకి అవే ఇస్తాను, సెలైన్ సెట్టు కొన్నాకే. గట్టి కోరల్స్, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్ అనే పగడాలు) మాత్రం అడగొద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద వాటికి రక్షణ ఉంది.