అద్దె ఇంటి తగాదాలు – నాలుగో పాఠం: ఫోను పెట్టేశాక

పోయిన పాఠంలో తప్పు నాదే. ప్రయాణంలో నాలుగు రోజులకు అద్దెకు తీసుకున్న ఇంట్లో లోపం కనిపిస్తే "ముందు యజమానికి చెప్పండి" అని రాశాను. చెప్పమన్నాను కాబట్టి మీరు చెప్పారు. ఫోను చేసి చెప్పారు, గుమ్మంలో నిలబడి చెప్పారు, ఒకాయన కాపలాదారుతో చెప్పించారు. నాకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే కథ: యజమాని ఎంతో మర్యాదగా మాట్లాడారు, డబ్బు వెనక్కి ఇస్తానన్నారు, ఇల్లు ఖాళీ చేశాక ఫోను ఎత్తడం మానేశారు. ఆ వాక్యంలో "చెప్పండి" కొట్టేసి "రాయండి" అని దిద్దుకోండి. ఈసారి నష్టపరిహారం సంగతి మొదలుపెడదామనుకున్నాను, అది వాయిదా.

బుకింగ్ వివరాలు, ఇంటి ప్రకటన పేజీ దాచుకోవడం గురించి మళ్లీ చెప్పను. అవి చేయనివారు మొదటి పాఠానికి వెళ్లాలి.

మీ ఫిర్యాదును చివరికి తేల్చేది యజమాని కాదు, బుకింగ్ సంస్థలో కూర్చున్న ఒక ఉద్యోగి. ఆ మనిషి మీ గీజరును చూడలేదు, యజమాని గొంతు వినలేదు. యాప్‌లో మీరిద్దరూ రాసుకున్న సందేశాలే ఆ ఉద్యోగి ముందుంటాయి. అక్కడ లేని మాట ఆ లెక్కలో అసలు పుట్టనే లేదు.

ఇక గడువుల లెక్క. ప్రయాణికులకు ఇళ్లు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ సంగతే చూడండి. మీరు దిగవలసిన సమయం దాటిన సుమారు 24 గంటలకు అది సాధారణంగా యజమానికి డబ్బు పంపుతుంది. లోపం మీ కంట పడిన 72 గంటల్లో మీరు ఫిర్యాదు చేయాలి. మొదటి రాత్రి ఫోనులో "ఎక్కడా రాయకండి, మనలో మనం చూసుకుందాం" అని యజమాని అన్నారనుకోండి. మీరు సరేనని పడుకుంటారు. మర్నాటికి డబ్బు ఆయన వైపు బయల్దేరిపోతుంది. ఇంకో రెండు రోజులు మొహమాటపడితే మీ గడువూ తీరిపోతుంది. ఆయన అబద్ధమాడవలసిన అవసరం కూడా లేదు, మిమ్మల్ని ఆగేలా చేస్తే చాలు.

అసలు ఫోనే వద్దనడం లేదు. పైకప్పు నుంచి నీళ్లు కారుతుంటే టైపు చేస్తూ కూర్చోలేం. కానీ ఫోను పెట్టేసిన పది నిమిషాల్లో యాప్‌లో నాలుగు సంగతులు పడాలి: ఏమి చెడింది, ఎప్పుడు చూశారు, ఫోనులో ఎవరు ఏమన్నారు, మీకు ఏమి కావాలి. ఒకామె రాసినది ఇలా ఉంది: "ఇంత దారుణమైన ఇల్లు ఎక్కడా చూడలేదు. పిల్లలతో నరకం అనుభవించాం. ఇది పచ్చి మోసం." ఆమె కోపం న్యాయమైనదే. కానీ చెడినది గీజరో, మంచమో ఇందులో తెలియదు. అదే ఉత్తరాన్ని నేను ఇలా తిరగరాశాను:

"సాయంత్రం 6:40కి ఇంట్లోకి వచ్చాం. గీజరు దీపం వెలుగుతోంది, 40 నిమిషాలు ఆగినా నీళ్లు వేడెక్కలేదు. వీడియో జత చేశాను. ప్రకటనలో వేడినీళ్లు ఉన్నాయని రాశారు. 7:30కి ఫోనులో మీరు, రేపు ఉదయం 10 లోపు మనిషిని పంపుతామని, కుదరకపోతే ఒక రోజు అద్దె తిరిగి ఇస్తామని అన్నారు. నేను తప్పుగా విని ఉంటే ఇక్కడే సరిదిద్దండి."

చివరి వాక్యం నాకు ప్రాణం. యజమాని అవునంటే మాట ఖాయం. కాదంటే అసలు మాట ఏమిటో ఆయనే రాయాలి. ఏమీ అనకపోతే, ఆ మౌనం కూడా సమయంతో సహా అక్కడే ఉండిపోతుంది.

గుమ్మంలో మాట్లాడినా ఇదే పద్ధతి. కాపలాదారు మాట ఇచ్చినా ఇదే. యజమాని భార్య ఒక మాట, యజమాని ఒక మాట అంటే రెండూ రాయండి, ఎవరిది నిజమో మీరు తేల్చకండి. భాష రాకపోతే అనువాద యాప్‌లో పుట్టిన వాక్యంతో పాటు మీ భాషలో రాసినదీ పెట్టండి. ఫోను రికార్డు చేస్తే సరిపోతుంది కదా అని ముగ్గురు అడిగారు. వద్దు. కాలిఫోర్నియాలో, జర్మనీలో అవతలి మనిషి అనుమతి లేకుండా ఆంతరంగిక సంభాషణ రికార్డు చేయడం నేరం. గీజరు కోసం అంత దూరం వెళ్లకండి.

"వాట్సాప్‌లో రాశాను, అది రాత కాదా?" అన్నవారికి: రాతే, కానీ నిలవని రాత. పంపినవారు దాన్ని సుమారు రెండున్నర రోజుల దాకా ఇద్దరి దగ్గరా చెరిపేయగలరు. ఫొటోల సంగతి ఇంకా అన్యాయం. మామూలుగా పంపిన ఫొటోలో తీసిన సమయం, చోటు వివరాలు ఊడిపోతాయి. ఒకసారి బల్ల మీద కాలిన మచ్చ నేనే చేశానని ఒక యజమాని డబ్బు అడిగారు. దిగిన రోజే ఆ మచ్చను ఫొటో తీశాను. తీసి, అక్కకు వాట్సాప్‌లో పంపి, ఫోనులో చోటు లేదని అసలుది చెరిపేశాను. నా దగ్గర మచ్చ మిగిలింది, తేదీ మిగలలేదు. డబ్బు కట్టాను.

సమీక్ష ఎప్పుడు రాయాలన్నది నా ఇష్టం మాత్రమే, నియమంగా తీసుకోకండి. ఎయిర్‌బీఎన్‌బీలో ఖాళీ చేశాక 14 రోజుల గడువు ఉంటుంది. నేను పదమూడో రోజు రాస్తాను. నష్టం జరిగిందని యజమాని డబ్బు అడగడానికి ఉన్న గడువు కూడా ఆ 14 రోజులే, కాబట్టి నా సమీక్ష మీద కోపంతో అడగడానికి ఆయనకు సమయం దాదాపు మిగలదు. అప్పటికి నా కోపమూ సగం చల్లారుతుంది.

అభ్యాసం. ఇంట్లో ఎవరినైనా యజమాని వేషం వేయమనండి. మూడు నిమిషాలు ఫోనులో తియ్యగా మాట్లాడాలి, మధ్యలో రెండు మాటలు ఇవ్వాలి, ఒకసారి మాట మార్చాలి. ఫోను పెట్టేసి పది నిమిషాల్లో మీ సందేశం రాయండి. సంగతేమీ తెలియని మరొకరికి ఇచ్చి చదివించి, కాగితం వెనక్కి తీసుకుని అడగండి: ఏమి చెడింది, ఎవరు ఏమన్నారు, ఎప్పటిలోగా? ఒక్కటి తప్పినా తిరిగి రాయండి. తాళం, నల్లులు, వైఫై, పక్కింటి చప్పుడు, చెప్పకుండా లోపలికి వచ్చిన యజమాని – ఈ అయిదింటికీ విడివిడిగా చేయాలి. నల్లులది కష్టం, ఎందుకంటే అవి ఫొటోకు నిలబడవు. దాన్ని చివర చేయండి.