ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్: నంబర్ వచ్చాకే ఆకురాయి పట్టండి

మాది చోడవరం దగ్గర పల్లె. నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో కలాసీ. నేను కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలో ఫిట్టర్ చేశాను. మా బ్యాచ్‌లో ఆడపిల్లలం ఇద్దరమే. ఇప్పుడు గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్లో ఉన్నాను. ఏటా ఐటీఐ రిజల్ట్స్ రాగానే మా ఊరి పిల్లలు ఫోన్ చేసి ఒకటే అడుగుతారు: "అక్కా, అప్రెంటిస్‌కి స్టైపెండ్ ఎంతిస్తారు?" అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. అది అడగకే నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నాను.

పాసైన వారానికే తెలిసినవాళ్లు ఒక చిన్న వర్క్‌షాపులో పెట్టించారు. "అప్రెంటిస్‌గానే తీసుకుంటున్నానమ్మా, నెలకి ఐదు వేలు" అన్నాడు ఓనరు. పొద్దున్నుంచి రాత్రి ఏడు దాకా పైపుల్ని కలిపే ఫ్లాంజీలకు బర్, అంటే అంచున మిగిలే గరుకు ఇనుము, గీకడం, ఆపరేటర్‌కి బిట్లు అందించడం, టీ తేవడం. నాలుగో నెలలో మా ఇన్‌స్ట్రక్టర్ సారు బస్టాపులో కనబడి "కాంట్రాక్ట్ నంబర్ వచ్చిందా?" అన్నారు. ఏ నంబరో నాకు తెలీదు. ఆ రాత్రి ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో చూస్తే నా పేరు మీద ఏమీ లేదు. మర్నాడు ఓనరుని అడిగితే "చేద్దాం, చేద్దాం" అన్నాడు. చెయ్యలేదు. అంటే ఆ నాలుగు నెలలూ చట్టం లెక్కలో నేను అప్రెంటిస్‌నే కాదు, ఐదు వేలకి దొరికిన కూలీని.

అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. దాని ప్రకారం కంపెనీకీ మీకూ మధ్య కాంట్రాక్ట్ రాసుకుని రిజిస్టర్ చేయించాలి. దానికో నంబర్ వస్తుంది. ఆ నంబర్ లేకపోతే చివర్లో జరిగే ఆలిండియా ట్రేడ్ టెస్ట్‌కి కూర్చోలేరు. ఆ టెస్ట్ పాసైతేనే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్, అందరూ నాక్ అనేది, చేతికొస్తుంది. అందుకే ఎక్కడ చేరినా మొదటి వారంలోనే నంబర్ అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

రిజిస్ట్రేషన్ అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో మీరే చేసుకోవచ్చు. ఆధార్, మెయిల్, ఫోన్ నంబర్, సర్టిఫికెట్లు చాలు, రూపాయి కట్టక్కర్లేదు. "సీటు ఇప్పిస్తాం, పదివేలు ఇవ్వండి" అనేవాళ్లని గుమ్మం ఎక్కనివ్వకండి. చిక్కంతా పేర్ల దగ్గర వస్తుంది. మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే కదా. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఐటీఐ సర్టిఫికెట్లో ఒక పొడి అక్షరమే ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో పేరు ముందు, ఇంటిపేరు వెనక. నాకు పదో తరగతి మెమోకీ ఆధార్‌కీ ఒక్క అక్షరం తేడా వచ్చి మీసేవ చుట్టూ మూడుసార్లు తిరిగాను. రిజల్ట్స్ కోసం ఎదురుచూసే రోజుల్లోనే పదో తరగతి మెమో ముందు పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా దిద్దించుకోండి.

బ్యాంకులో "ఆధార్ లింక్ అయిందా?" అని అడిగితే అయిందనే చెబుతారు. అలా కాదు, "ప్రభుత్వ డబ్బులు ఆధార్ మీద ఈ అకౌంట్లోకే పడతాయా?" అని అడగండి. కేంద్రం అప్రెంటిస్‌షిప్ పథకం (నాప్స్)లో చేరిన కంపెనీల్లో స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా 1,500 రూపాయలు, కేంద్రం నేరుగా మీ ఖాతాకే పంపుతుంది. మా చుట్టాలబ్బాయికి ఆ డబ్బు ఎప్పుడో మర్చిపోయిన స్కాలర్‌షిప్ అకౌంట్లో పడుతుంటే, రావట్లేదని మూడు నెలలు టెన్షన్ పడ్డాడు.

ఇక ఎక్కడ చెయ్యాలి? ఇక్కడ తొందరపడకండి. ఒక ట్రేడ్‌లో అప్రెంటిస్‌షిప్ ఒక్కసారే. ప్రభుత్వ సంస్థల నోటిఫికేషన్లలో "ఇదివరకే అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు అర్హులు కారు" అనే లైన్ ఉంటుంది. ఏదో ఒకటిలే అని దొరికినదాంట్లో కాంట్రాక్ట్ చేసేసుకుంటే, తర్వాత పెద్ద నోటిఫికేషన్ పడ్డప్పుడు చూస్తూ కూర్చోవడమే. ఒక రకంగా ఆ ఓనరు నాకు కాంట్రాక్ట్ చెయ్యకపోవడమే మేలైంది అని ఇప్పుడు నవ్వుకుంటాను.

మా విశాఖ పిల్లలకి ముందు గుర్తొచ్చేది నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలు. అక్కడ రాతపరీక్ష ఉంటుంది. పదో తరగతిలో 50 శాతం, ఐటీఐలో 65 శాతం అడుగుతారు. నేను రాశాను, లెక్కల్లో దెబ్బతిన్నాను. రైల్వేలో పరీక్ష ఉండదు. పదో తరగతి మార్కుల శాతం, ఐటీఐ మార్కుల శాతం సగటు తీసి మెరిట్ లిస్ట్ వేస్తారు. అందుకే ఐటీఐలో క్లాసులో వేసే సెషనల్ మార్కులే కదా అని వదిలెయ్యకండి. లాలాగూడ వర్క్‌షాపు, రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపు, తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపు, ఇవన్నీ ఆ లెక్కలోనే తీసుకుంటాయి. పైగా రైల్వేలో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవాళ్లకి లెవెల్ 1 (అన్నిటికంటే కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం పక్కన పెడతారు. అంటే ఉద్యోగం ఖాయమని కాదు, పరీక్ష రాయాల్సిందే. ఇవేవీ కుదరకపోతే ప్రైవేటు. అదీ తక్కువేం కాదు, నేను చేసింది అదే. ఐటీఐలలో నెలనెలా అప్రెంటిస్ మేళాలు పెడతారు. బయోడేటా నాలుగు కాపీలు తీసుకుని వెళ్లండి. నాకు రెండోసారి చోటు దొరికింది అక్కడే.

ఇంటర్వ్యూలో నన్ను ఇంగ్లిష్ ఏమీ అడగలేదు. ఒక షాఫ్ట్ ముక్క, కొలతలు తీసే ఒక వెర్నియర్ చేతికిచ్చి "చదువమ్మా" అన్నారు. నేను ముందు రెండు దవడలూ మూసి జీరో ఎర్రర్, అంటే మూసినప్పుడు సున్నా సరిగ్గా కలుస్తోందా లేదా అని, చూసుకున్నాను. మెయిన్ స్కేల్ మీద 24, వెర్నియర్ మీద పద్దెనిమిదో గీత కలిసింది. ఒక్కో గీతకి (లీస్ట్ కౌంట్) 0.02 కాబట్టి 24.36 మిల్లీమీటర్లు అన్నాను. "రీడింగ్ అందరూ చెప్పారు, జీరో చూసింది నువ్వొక్కదానివే" అని సూపర్‌వైజర్ గారు తర్వాతెప్పుడో చెప్పారు. ఈ ఒక్కటీ ఇంట్లో ప్రాక్టీస్ చేసుకుని వెళ్లండి.

వాళ్లు అడగడం అయ్యాక మీరూ అడగండి: కాంట్రాక్ట్ ఎన్ని రోజుల్లో రిజిస్టర్ చేస్తారు, ఏయే సెక్షన్లలో తిప్పుతారు, క్యాంటీన్ ఉందా, బస్సు ఉందా. ఆడపిల్లలైతే వేరే టాయిలెట్, బట్టలు మార్చుకునే గది ఉన్నాయా అని కూడా. ఇది అడగడానికి నాకు సిగ్గేసింది. అడగకుండా చేరుంటే ఏడాదంతా ఇబ్బందే.

స్టైపెండ్ లెక్క ఇప్పుడు చెబుతాను. 2019 నిబంధనల్లో ఐటీఐ వాళ్లకి కనీసం 7,000 పెట్టారు. రెండో ఏడాదికి పది శాతం, మూడో ఏడాదికి పదిహేను శాతం ఎక్కువ. ఫిట్టర్ రెండేళ్ల కోర్సు కాబట్టి ఆ రెండేళ్లూ అయిపోయినట్టే లెక్కేసి, మూడో ఏడాది రేటు 8,050 నాకిచ్చారు. రేట్లు ప్రభుత్వం మారుస్తుంటుంది, మీ కాంట్రాక్ట్‌లో రాసిందే మీకు లెక్క. నెల డబ్బు తర్వాతి నెల పదో తారీఖులోపు పడాలి. పీఎఫ్ ఉండదు, ఎందుకంటే చట్టం మిమ్మల్ని వర్కర్ అనదు, ట్రైనీ అంటుంది. అలాగని దెబ్బ తగిలితే గాలికొదిలెయ్యడానికి వీల్లేదు, నష్టపరిహారం బాధ్యత కంపెనీదే. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు కూడా. గాజువాకలో రూమ్ అద్దె, కూరగాయలు, బస్ పాస్ పోగా ఆ 8,050లో నాకు మిగిలింది సున్నా. అమ్మ నెలకో బియ్యం మూట పంపేది. ఇంట్లోవాళ్లతో ఈ లెక్క ముందే మాట్లాడుకోండి.

ఆ ఫ్యాక్టరీ షాపులో మొదటి నెలంతా ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) ఫ్లాట్ ముక్కకి ఆకురాయి పట్టడమే. ముందుకు తోసేటప్పుడే బలం, వెనక్కి వచ్చేటప్పుడు వదిలెయ్యాలి. మూల తొంభై డిగ్రీలుందో చూసే ట్రై స్క్వేర్ ఆనించి ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూస్తే సందులోంచి వెలుతురు కారకూడదు. నాది కారేది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఐటీఐలో రెండేళ్లు చేశాను కదా అని పొగరు చూపిస్తే సీనియర్లు ఏమీ నేర్పరు. చున్నీ, గాజులు, వాచీ గేటు దగ్గరే తీసెయ్యండి. డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర గ్లోవ్స్ వద్దు, తిరిగే బిట్టు గ్లోవ్‌ని పట్టుకుంటే చెయ్యి కూడా పోతుంది.

లాగ్ బుక్ ఏ రోజుది ఆ రోజే రాయండి. "ఫైలింగ్ చేశాను" అని కాదు, ఏ జాబ్, ఏ సైజు, ఎంత టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా), ఎక్కడ పాడైంది, అన్నీ. వారానికోసారి సంతకం పెట్టించుకోండి. సంతకం పెట్టే మనిషి బదిలీ అయితే పాత పేజీలకి ఎవరూ పెట్టరు.

ట్రేడ్ టెస్ట్ ప్రాక్టికల్‌కి సొంత వెర్నియర్, చేతికి అలవాటైన ఆకురాళ్లు తీసుకెళ్లండి. కాంట్రాక్ట్ చివరి రోజు స్వీట్లు పంచడానికి ముందు హెచ్‌ఆర్ వాళ్ల పక్కన కూర్చుని, పోర్టల్లో మీ కాంట్రాక్ట్ పూర్తయినట్టు పడిందో లేదో చూసుకోండి. పడ్డాకే గేటు దాటండి. బయటికొచ్చాక ఫోన్ ఎత్తరు.