సంఖ్యలను విడదీద్దాం – 4వ పాఠం: మన పిన్‌కోడ్ 761200

పోయిన పాఠంలో వెయ్యిలోపు సంఖ్యలతో ఆగాం. ఈసారి ఆరంకెల సంఖ్య. టెన్షన్ పడకండి, ఆంధ్ర సరిహద్దున ఉన్న మన ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఇంటికొచ్చే ఉత్తరాల మీద రోజూ చూసేదే: 761200. 1972లో పిన్‌కోడ్లు పెట్టినప్పుడు ఒడిశా వైపు 7తో, ఆంధ్ర వైపు 5తో మొదలయ్యాయి.

బడిలో ఒడియాలో లెక్కలు నేర్చుకునే పిల్లలకు ఒక మాట. మీరు ‘మౌళిక సంఖ్యా’ అనేదే ఇక్కడ ప్రధాన సంఖ్య: 1 కన్నా పెద్దది, 1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ పోనిది. ‘గుణనీయక’ అంటే కారణాంకం: ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించేది.

కాగితం తీసుకోండి. చివరి రెండు సున్నాలంటే 100, అంటే 2×2×5×5. మిగిలింది 7612. సగం చేస్తే 3806, మళ్లీ సగం చేస్తే 1903.

పోయిన ఆదివారం మా అరుగు మీద ఎనిమిదో తరగతి అమ్మాయి ఇక్కడే ఆగిపోయింది. 3, 5, 7లతో పోలేదని 1903 చుట్టూ సున్నా చుట్టి ‘ప్రధాన సంఖ్య’ అని రాసేసింది. 11ని చూడలేదు. దాని పరీక్ష చాలా తేలిక: అంకెలను ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ పోవాలి. 1−9+0−3 = −11. ఇలా 0 గానీ 11 గుణిజం గానీ వస్తే 11తో పోతుంది. కారణం చెప్పకుండా ఈ సూత్రం బట్టీ పట్టించడం నాకు నచ్చదు. 10 అంటే 11కి ఒకటి తక్కువ, 100 అంటే 99కి ఒకటి ఎక్కువ, 1000 అంటే 1001కి ఒకటి తక్కువ. 11, 99, 1001 మూడూ 11 గుణిజాలే. అందుకే ఆ కూడికలూ తీసివేతలూ.

1903 = 11×173. 14×14 = 196, 173 కన్నా పెద్దది. కాబట్టి 13 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. వేటితోనూ పోదు. 173 ప్రధాన సంఖ్యే.

761200 = 2⁴×5²×11×173

దీనికి కారణాంకాలెన్ని? ఒక్కొక్కటీ రాసుకుంటూ పోనక్కర్లేదు. 2ని అసలు తీసుకోకపోవచ్చు, నాలుగు సార్ల వరకు తీసుకోవచ్చు: 5 దారులు. 5కి 3, 11కి 2, 173కి 2. 5×3×2×2 = 60.

వాటన్నిటి మొత్తం చూడండి. 2 వైపు 1+2+4+8+16 = 31. 5 వైపు 1+5+25, అదీ 31! ఇలా 1తో మొదలుపెట్టి ఒకే సంఖ్యతో గుణించుకుంటూ కూడే రెండు రకాల మెట్లెక్కి, ప్రతిసారీ కనీసం మూడు మెట్ల మీదుగా ఒకే చోటికి చేరే సంఖ్యలు ఇప్పటివరకు తెలిసినవి రెండే: 31, 8191. అందులో ఒకటి మన ఊరి పిన్‌కోడ్‌లో దొరికింది. ఇక 11 వైపు 1+11 = 12, 173 వైపు 1+173 = 174. నాలుగింటినీ గుణిస్తే కారణాంకాలన్నిటి మొత్తం 31×31×12×174 = 20,06,568.

ఇంటి లెక్క: సరిహద్దు దాటగానే వచ్చే పాతపట్నం పిన్‌కోడ్ 532213. 5−3+2−2+1−3 = 0, అంటే ఇందులోనూ 11 ఉంది. రెండు ఊళ్లకూ 1, 11 కాక ఉమ్మడి కారణాంకం ఇంకేదైనా ఉందా? 532213ని పూర్తిగా విడదీయకండి. 2, 5, 173లతో భాగించి చూడండి. 11×11తో చూడాల్సిన పని ఎందుకు లేదో కూడా రాయండి.