దారి పక్కన స్మారక ఫలకం నిలిపే పద్ధతి

చిత్తూరు పరిసరాల్లో మైసూరు పాలకుడు హైదరాలీ సైన్యం నడిచిన దారిని గుర్తుచేసే ఫలకం పెట్టదలచినవారు ముందుగా ఒకే ఘటనను ఎంచుకోవాలి. రెండవ మైసూరు యుద్ధం నడుస్తుండగా 1782 డిసెంబరు 7న నరసింగరాయనిపేట వద్ద విడిదిలో హైదరాలీ మరణించాడనీ, మలబారు వైపున్న కొడుకు టిప్పు వచ్చేదాకా ఆ కబురును గోప్యంగా ఉంచారనీ రాస్తే చాలును. బిరుదుల వర్ణన అనవసరం; బస్సు కోసం నిలబడినవాడు చదివేది నాలుగు వరుసలే. గ్రానైటు పలకకు మరీ నునుపుగా మెరుగు పెట్టిస్తే మిట్టమధ్యాహ్నపు ఎండలో అక్షరాలు కనిపించవు కనుక, ముఖాన్ని కాస్త గరుకుగానే ఉంచి, అక్షరాలను లోతుగా చెక్కించి, నల్లరంగు నింపించాలి. వత్తులనూ, ద, ధలనూ కాగితం మీదే సరిచూసుకోవాలి. రాతిపై దిద్దుబాటు కుదరదు. రేపు రోడ్డు వెడల్పు చేసినా కదిలించనక్కరలేనంత దూరంలో, అనుమతి పొందిన తరువాతే, దానిని నాటించాలి.