పాప్ స్మియర్‌కి వెళ్లే ముందు: "పెళ్లయిందా?" అని అడిగితే

గైనకాలజిస్ట్ దగ్గర సాధారణంగా ముందు వచ్చే ప్రశ్న "పెళ్లయిందా?". శారీరక సంబంధం ఉందా అని నేరుగా అడగలేక అడిగే మాట అది. "లేదు" అన్నారో, చాలాచోట్ల పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి, క్యాన్సర్‌కు దారితీసే మార్పులున్నాయేమో చూసే పరీక్ష) ఊసే రాదు. మరో అమ్మాయితో జీవితం పంచుకుంటున్నవాళ్లు పరీక్షకు దూరమయ్యేది అక్కడే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు అన్ని కేసుల్లోనూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. జననాంగాల దగ్గర చర్మం తగిలినా, ఇద్దరూ ఒకే సెక్స్ టాయ్ వాడినా అంటుకోవచ్చు. దానికి మగవాడే ఉండాలని లేదు. ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండగలదు కాబట్టి, ఎప్పుడో కాలేజీ రోజుల నాటి బాయ్‌ఫ్రెండ్ కూడా లెక్కలోకి వస్తాడు.

అందుకే డాక్టర్‌తో ఇలా అనండి: "పెళ్లి కాలేదండీ, కానీ శారీరక సంబంధం ఉంది. పరీక్ష చేయండి." ఎవరితో అన్నది చెప్పాలనిపిస్తేనే చెప్పండి. అమ్మ తోడు వస్తే, ఆ కాసేపు బయట కూర్చోమనండి. "పెళ్లయ్యాక రామ్మా" అన్నారంటే డాక్టర్‌ను మార్చేయడమే.

మన దేశంలో ఈ క్యాన్సర్ పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకు, అయిదేళ్లకోసారి. అక్కడ ఎక్కువగా పాప్ స్మియర్‌కు బదులు ముఖద్వారానికి ఎసిటిక్ యాసిడ్ రాసి చూస్తారు, తెల్లబడిన చోటు ఉంటే అనుమానిస్తారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 25 నుంచే మొదలుపెట్టాలి. వ్యాక్సిన్ వేయించుకున్నా పరీక్ష మానకూడదు, అది అన్ని రకాల హెచ్‌పీవీనీ ఆపదు.

నెలసరి రోజుల్లో వద్దు. ముందు రెండు రోజులు కలయిక, యోనిలో పెట్టే క్రీములు, యోనిలో పెట్టే మాత్రలు, లోపల కడుక్కోవడం ఆపండి. కలయిక తర్వాతో, నెలసరి శాశ్వతంగా ఆగిపోయాకో రక్తం కనిపిస్తే మాత్రం ఈ లెక్కలేవీ చూడకుండా వెంటనే వెళ్లాలి.

అసలు టెన్షన్ అంతా స్పెక్యులమ్ గురించే, అంటే లోపల చూడటానికి యోనిని తెరిచి ఉంచే పరికరం. లోపలికి ఏదీ వెళ్లిన అలవాటు లేకపోతే ముందే చెప్పి, చిన్న సైజుది వాడమనండి. నొప్పిగా ఉంటే "ఆపండి" అనవచ్చు. పళ్లబిగువున భరించక్కర్లేదు.

హెచ్‌పీవీ పరీక్ష కూడా చేసి, రిపోర్టులో పాజిటివ్ వస్తే క్యాన్సర్ వచ్చినట్టు కాదు. అవసరమైతే కాల్పోస్కోపీ చేస్తారు, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరిశీలిస్తారు. ఆ కాగితం పట్టుకుని ఇంట్లో భాగస్వామితో గొడవకు దిగకండి. అది ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఆ పరీక్ష చెప్పలేదు.